ఇంటి నిల్వపెట్టెకు ఏ హార్డు డిస్కు పనికివచ్చును?

కాలిపోయిన బల్బును తీసి మరియొక బల్బును పెట్టినంత సులభముగా ఒక హార్డు డిస్కు స్థానమున మరియొకదానిని పెట్టవచ్చునని నేను చాలకాలము అనుకొంటిని. నేను భౌతికశాస్త్రము చెప్పువాడను. అయస్కాంతత్వమును గురించి తరగతిలో గంటల తరబడి మాటలాడువాడను. అయినను ఆ అయస్కాంతపు పళ్లెమును కొనుటకు అంగడికి పోయినపుడు మాత్రము రెండే అంకెలు చూచితిని: ఎన్ని టెరాబైట్లు, ఎన్ని రూపాయలు. ఆ తొందరపాటునకు మా యింట జరిగిన నష్టమే ఈ వ్యాసమునకు కారణము.

మొదట ఆ పెట్టె యేమో చెప్పవలెను. నేడు చాల ఇండ్లలో ఇంటర్నెట్టు కొరకు రౌటరు ఉన్నది. దానికి తీగతో తగిలించు చిన్న పెట్టెలు దొరకును. ఒక్కొక్కదానిలో రెండుగాని నాలుగుగాని హార్డు డిస్కులు పట్టును. ఇంటిలోని ఫోనులు, కంప్యూటర్లు, టీవీ అన్నియు అందులో దాచుకొనును, అందులోనుండి తీసికొనును. ఆంగ్లములోని మూడు మాటల మొదటి అక్షరములను కలిపి దీనిని ‘నాస్’ అందురు. నేను నిల్వపెట్టె అందును. పూర్వము పట్టా కాగితములు, పెండ్లి ఫోటోలు ట్రంకుపెట్టెలో ఉండెడివి గదా, ఇది దానికి వారసురాలు.

రెండు డిస్కుల పెట్టెలో సాధారణముగా జోడు పద్ధతి వాడుదురు. ఏది వ్రాసినను రెండింటిపైనను వ్రాయబడును. ఒకటి చెడినచో రెండవది పని నడపును. చెడినదానిని తీసి క్రొత్తదానిని పెట్టినచో పెట్టె తనంతట తానే పాతదానిలోనిదంతయు క్రొత్తదానికి ఎక్కించును. దీనిని పునర్నిర్మాణ మందురు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 1988లో ప్రకటించిన వ్యాసమునుండి ఇట్టి డిస్కుల కూటములకు ‘రెయిడ్’ అను పేరు స్థిరపడినది.

మా నాయనగారు బడిపంతులు. కార్తీక అమావాస్యనాడు మొదలై ఐదు రోజులు కారెంపూడిలో జరుగు పల్నాటి వీరుల ఉత్సవములకు ఏటేటా పోయెడివారు. అచట వీరవిద్యావంతులు పాడు కథను చిన్న టేపురికార్డరుపై ఎక్కించెడివారు. అట్లు రెండువందల క్యాసెట్లు చేరినవి. ఆయన పోయిన పిదప 2018లో వాటినన్నింటిని నేను కంప్యూటరునకు ఎక్కించితిని. ఏమియు కుదించక దాచినచో గంట పాటకు సుమారు 635 మెగాబైట్లు పట్టును. రెండువందల గంటలకు 127 గిగాబైట్లు. నాలుగు టెరాబైట్ల డిస్కులో ఇది ముప్పదవ వంతు మాత్రమే. తక్కిన చోటును పిల్లల వీడియోలును, వాకిటి కెమెరా చిత్రములును ఆక్రమించినవి. క్యాసెట్లు అటకపై వేసవి వేడికి సాగి, తుదకు పనికిరాకుండ పోయినవి. పెట్టెలో రెండు ప్రతులున్నవి గదా అని నేను వాటిని గురించి విచారింపలేదు.

2023 మే నెలలో రెండు డిస్కులలో ఒకటి చెడినది. దుకాణమునకు పోతిని. కుర్రవాడు ఒక డిస్కును చేతిలో పెట్టి, “ఇదీ నాలుగు టీబీయే సార్, కనెక్టర్ కూడా అదే. ధర తక్కువ. ఏం తేడా ఉండదు” అనెను. అతడు అబద్ధ మాడలేదు. అతనికి తెలిసినంతవరకు తేడా లేదు, నాకు తెలిసినంతవరకును లేదు. పెట్టెలో బిగించితిని. మొదటి రాత్రి పని వేగముగా సాగినది. మరునాటినుండి నత్తనడక. రెండవ రాత్రి పెట్టె ఆ డిస్కును తన లెక్కలోనుండి తీసివేసి ఎఱ్ఱదీపము వెలిగించెను. తీసి మరల పెట్టితిని. మొదటినుండి మొదలు. ఇట్లు మూడుమార్లు జరిగినది. ఆరవనాడు, రాత్రింబవళ్లు చదివి చదివి అలసిన పాత డిస్కే తప్పులు చూపసాగెను.

క్రొత్త డిస్కులో లోపమేమియు లేదు. ఈనాటికిని అది కళాశాలలో నా బల్లపై కంప్యూటరులో చక్కగా పనిచేయుచున్నది. మరి నిల్వపెట్టెలో ఏల నిలువలేదు? దీనికి సమాధానము పళ్లెముపై వ్రాత ఎట్లు జరుగునో తెలిసినగాని దొరకదు.

మొట్టమొదటి హార్డు డిస్కు 1956లో ఐబీఎం వారు తయారుచేసిన ర్యామాక్ యంత్రములోనిది. రెండడుగుల వ్యాసముగల పళ్లెములు ఏబది, ఒకదానిపై నొకటి తిరుగుచుండెడివి. అంత యంత్రమునందును పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి డిస్కులో పళ్లెములు కొన్నే, అరచేయి వెడల్పువి. కాని సూత్రము మారలేదు. పళ్లెముపై పలుచని అయస్కాంతపు పూత. దానిపై ఏకకేంద్ర వృత్తములుగా చాళ్లు. చాలు వెంట సూక్ష్మమైన అయస్కాంత ఖండములు, ఒక్కొక్కటి ఇటో అటో ముఖము పెట్టియుండును. ఆ దిశల మార్పులే ఒకట్లును సున్నలును. నేటి పళ్లెముపై ఒక్క మిల్లీమీటరు వెడల్పులో పదివేలకు మించిన చాళ్లు ఇమిడియున్నవి. మన రైతు అరకతో తీయు చాళ్లను తలచుకొని, ఈ లెక్కను ఒకసారి ఊహించి చూడుడు.

ఈ చాళ్లపై వ్రాయుటకు ఒక హెడ్డు, చదువుటకు వేరొక హెడ్డు ఉండును. చదువు హెడ్డును చాల సన్నముగా చేయవచ్చును. 1988లో ఫెర్ట్, గ్రూన్‌బెర్గ్ అనువారు వేర్వేరుగా కనుగొన్న మహా అయస్కాంత నిరోధ ఫలితము ఇందుకు తోడ్పడినది. 2007లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది దానికే. వ్రాయు హెడ్డు సంగతి వేరు. పళ్లెముపై పూత తన దిశను సంవత్సరముల తరబడి నిలుపుకొనవలసిన మొండి పదార్థము. దానిని త్రిప్పుటకు బలమైన క్షేత్రము కావలెను. హెడ్డు సన్నమైనకొలది దాని బలము తగ్గిపోవును. కావున వ్రాయు హెడ్డు వెడల్పు, చదువు హెడ్డు సన్నము. గుంటక తోలిన వెడల్పు ఒకటి, ములుకోలతో గీచిన గీత వెడల్పు మరియొకటి అన్నట్లు.

ఇచటనే తయారీదారులకు ఒక ఉపాయము తోచినది. చదువుటకు సన్నని పట్టీ చాలునుగదా, వ్రాసిన వెడల్పంతయు ఉంచుట యెందులకు? మొదటి చాలును వ్రాసి, రెండవ చాలును దానిపై కొంత ఎక్కునట్లు వ్రాసినచో మొదటిదానిలో సన్నని అంచు మిగులును. చదువుటకు అది చాలును. మూడవది రెండవదానిపైకి, నాలుగవది మూడవదానిపైకి. మన పెంకుటింటి కప్పు చూడుడు. చూరు వద్ద మొదటి వరుస, దానిపై అంచు కప్పుచు రెండవ వరుస, ఇట్లు నడికొప్పు వరకు. అదే పద్ధతి. దీనిని ఎస్ఎంఆర్ అందురు. చాళ్లు ఒకదానిపై నొకటి ఎక్కకుండ ప్రక్కప్రక్కనే ఉండు పాత పద్ధతిని సిఎంఆర్ అందురు. పెంకుల పద్ధతిలో అంతే పళ్లెముపై ఎక్కువ సమాచారము పట్టును. అందుచే ధర తగ్గును.

చిక్కు ఎచట వచ్చుననగా: చూరు వరుసలో ఒక పెంకు పగిలినచో పైవరుసను కదల్చక దానిని మార్చలేము. డిస్కుపై కూడ ఒక పాత చాలును మార్చి వ్రాయబోయినచో వెడల్పైన హెడ్డు దాని ప్రక్క చాలును చెరిపివేయును. ఆ ప్రక్కదానిని సరిచేయబోయినచో దాని ప్రక్కది చెరుగును. అందుచే కొన్ని పదుల మెగాబైట్ల చాళ్లనొక కట్టగా చేసి, కట్టకును కట్టకును నడుమ కొంత ఖాళీ గట్టు విడిచిపెట్టుదురు. కట్టలో ఒక్క ముక్క మార్చవలెనన్నను ఆ చోటినుండి కట్ట కొన వరకు అంతయు చదివి, మార్చి, మరల వ్రాయవలెను. డిస్కు ఈ శ్రమను మన కంటబడనీయదు. కొన్ని పదుల గిగాబైట్ల చోటును పాత పద్ధతిలోనే ఉంచి, వచ్చిన వ్రాతను ముందు అందులో గబగబ దింపుకొని, తీరిక దొరికినపుడు కట్టలలోనికి సర్దుకొనును. అంగడివాడు ముందు గోనెలు వాకిట దింపించుకొని, బేరము లేనివేళ గోదాములో పేర్చుకొనునట్లు.

ఇంటి కంప్యూటరునకు తీరిక కావలసినంత. కావున దానిలో ఈ డిస్కు మంచిదే. పునర్నిర్మాణములో తీరిక యెక్కడిది? నాలుగు టెరాబైట్లు ఆగకుండ వచ్చి పడును. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున నడచినను ఏడున్నర గంటల పని. అది వరుసగా మాత్రమే వచ్చినచో పెంకుల డిస్కును ఎట్లో నెట్టుకొని రాగలదు. కాని మా పెట్టెలో ఆ సమయముననే వాకిటి కెమెరా తన చిత్రములను వేరొక చోట వ్రాయుచునే ఉన్నది. అనగా వరుస తప్పిన చిన్నచిన్న వ్రాతలు నడుమనడుమ దూరుచున్నవి. వాకిలి నిండినది. గోదాములో పేర్చుట మొదలైనది. పెట్టె ‘వ్రాసితివా?’ అని అడుగును, డిస్కు పలుకదు. చాల పెట్టెలు లినక్స్ అను వ్యవస్థపై నడచును. మామూలుగా అది ఒక ఆజ్ఞకు 30 సెకండ్లు వేచియుండును. ఆపై డిస్కు చచ్చినదని నిర్ణయించుకొనును. మా యింట జరిగినది ఇదియే.

ఇది నా ఒక్కనికి జరిగిన వింత కాదు. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి ‘రెడ్’ అను డిస్కులలో 2 మొదలు 6 టెరాబైట్ల వరకు గల కొన్ని నమూనాలు పెంకుల పద్ధతివని బయటపడినది. అవి నిల్వపెట్టెల కొరకే అని అమ్మినవి. కొనువారికి ఆ సంగతి ముందు తెలుపలేదు. అదే నాలుగు టెరాబైట్ల డిస్కునకు డబ్ల్యుడి40ఇఎఫ్ఆర్‌ఎక్స్ అనునది సిఎంఆర్, డబ్ల్యుడి40ఇఎఫ్ఏఎక్స్ అనునది ఎస్ఎంఆర్. ఒక్క అక్షరము తేడా! సర్వ్‌ద్‌హోమ్ అను పత్రికవారు ఆ యేడే ఒక కూటములో ఈ రెండవ రకపు డిస్కును పెట్టి చూడగా, ఇతర డిస్కులతో ఒక దినములో ముగియు పునర్నిర్మాణము తొమ్మిది దినములు దాటినది. తరువాత ఆ సంస్థవారు ఏ నమూనా ఏ పద్ధతిదో ప్రకటించి, సిఎంఆర్ వాటికి ‘రెడ్ ప్లస్’ అని వేరు పేరు పెట్టిరి. సీగేట్ వారి నిల్వపెట్టె డిస్కులైన ‘ఐరన్‌వుల్ఫ్’ వరుస సిఎంఆర్. వారి ‘బారకుడా’ వరుసలోను, తోషిబా వారి ‘పి300’ వరుసలోను కొన్ని పెంకుల పద్ధతివి ఉన్నవి. కావున వరుస పేరు చూచి ఊరుకొనక, డిస్కుపై చీటీమీది పూర్తి నమూనా సంఖ్యను పట్టుకొని, తయారీదారుని వివరపత్రములో సిఎంఆర్ అని ఉన్నదో లేదో చూడవలెను. ఆ పత్రములో ఈ సంగతి ఎత్తనే లేదనుకొందము. అట్టి డిస్కును నేనైతే కొనను.

రెండవ తేడా ఓర్పులో ఉన్నది. పళ్లెముపై ఒక చోటు చదువబడకున్నచో ఇంటి కంప్యూటరు డిస్కు మరల మరల ప్రయత్నించును. ఒక్కొక్కపుడు నిమిషము దాటినను విడువదు. దాని వద్ద ఉన్నది ఒక్కటే ప్రతి గనుక ఆ మొండితనము న్యాయమే. జోడులో ఉన్న డిస్కునకు ఇది తగదు. ‘నాకు చదువరాలేదు’ అని అది వెంటనే చెప్పినచో పెట్టె జోడుదానినుండి ఆ ముక్కను తెచ్చుకొని చెడినచోటును దిద్దగలదు. అందుచే నిల్వపెట్టె కొరకు చేసిన డిస్కులు సుమారు ఏడు సెకండ్లలో ఓటమి ఒప్పుకొనునట్లు అమర్చబడియుండును. కెమెరాల కొరకు అమ్ము డిస్కులు మరియొక తీరువి. చిత్రము ఆగకుండ సాగుటయే వాటికి ముఖ్యము. ఒక తునక పోయినను సాగిపోవుటకు వీలుగా వాటిని అమర్చుదురు. దొంగను పట్టుటకు అది చాలును, పట్టా కాగితమునకు చాలదు.

ఇక పైకి కనబడు పొంతనలు. వీటిని త్వరగా ముగింతును. ఇంటి పెట్టెలు సాటా డిస్కులను తీసికొనును. చవుకగా దొరకు పాత సర్వరు డిస్కులు సాస్ రకమువి. ముఖము ఒకే రీతిగా తోచును గాని సాటా గూటిలో సాస్ డిస్కు దూరదు. కొన్ని పెద్ద డిస్కులను పాత విద్యుత్తు తీగకు తగిలించినచో తిరుగనే తిరుగవు. ఆ తీగలో మూడవ పిన్నుకు వచ్చు 3.3 వోల్టులను అవి ‘ఆగుము’ అను ఆజ్ఞగా అర్థము చేసికొనును. చాల పాత పెట్టెలు 2.2 టెరాబైట్లకు పైన లెక్కపెట్టలేవు. 512 బైట్ల గడులను 32 ద్విసంఖ్యా స్థానములతో లెక్కించినచో వచ్చు హద్దు అది. నాలుగు టెరాబైట్ల డిస్కు కంప్యూటరులో 3.63 అని కనబడినచో దుకాణదారునితో జగడమునకు పోవలదు. తయారీదారులు వేయితో గుణింతురు, కంప్యూటరు 1024తో భాగించును. జోడులో పెట్టు క్రొత్త డిస్కు పాతదానికంటె ఒక్క గడి తక్కువైనను పెట్టె ఒప్పుకొనదు. నేటి నాలుగు టెరాబైట్ల డిస్కులన్నిటిలోను సాధారణముగా 781,40,37,168 గడులే ఉండును గనుక ఈ చిక్కు ఇపుడు అరుదు.

మా ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసినది వేడి. వేసవిలో మా పల్నాటి రెంటచింతల పేరు రేడియోలో వినబడని దినము తక్కువ, అచట 45 డిగ్రీలు దాటుట వింత కాదు. నిల్వపెట్టె డిస్కులకు తయారీదారులు 65 డిగ్రీల వరకును, మామూలు డిస్కులకు తరచుగా 60 వరకును హద్దు చెప్పుదురు. అది గది వేడి కాదు, డిస్కు వేడి. పనిలో ఉన్న డిస్కు గదికంటె పది పదిహేను డిగ్రీలు అధికముగా ఉండుట మామూలే. గది 42 ఉన్నచో లెక్క మీరే వేసికొనవచ్చును. పెట్టెను దొంగల భయమున బీరువాలో పెట్టి తలుపు వేసినవారిని నేనెరుగుదును. అటకపై పెట్టినవారిని కూడ నెరుగుదును, అద్దములో కనబడును. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కుకంటె 5400 చుట్లది చల్లగా ఉండును. ఇంటి తీగల వేగమునకు అది చాలును. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల దుమ్ము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గాలితో నిండిన డిస్కునకు ఊపిరి తీసికొను చిన్న రంధ్రము, దాని వెనుక వడపోత ఉండును. ఆ రంధ్రముపై చీటీ అంటింపరాదు. 2013 నుండి వచ్చుచున్న హీలియం డిస్కులకు ఈ రంధ్రముండదు, పూర్తిగా మూసియుండును. అవి ఎక్కువగా పెద్ద పరిమాణములలోనే దొరకును.

కరెంటు పోకలు రెండవ శత్రువు. తిరుగుట మొదలిడునపుడు ఒక్కొక్క పెద్ద డిస్కు ఇరువది వాట్లకు మించి లాగును, తరువాత అయిదారు వాట్లతో నడచును. కరెంటు పోయి వచ్చినపుడెల్ల రెండును ఒకేసారి లాగును. యూపీఎస్ పెట్టుకొనుట తప్పనిసరి. దాని యూఎస్‌బి తీగను పెట్టెకు తగిలించినచో బ్యాటరీ తీరకముందే పెట్టె తానే వ్రాత ముగించి ఆగిపోవును. ఆ తీగను యూపీఎస్ అట్టపెట్టెలోనే వదిలివేసినవారు ఎందరో!

పెట్టె తయారీదారులు తమ పెట్టెలకు తగిన డిస్కుల జాబితాలు ప్రకటింతురు. కొనుటకు ముందు ఆ జాబితాను చూచుట మంచిది. జాబితాలో ఉండుటయే చాలునా యన్నచో, జాబితాల వెనుక వ్యాపారమును ఉన్నది. తైవాను దేశపు సినాలజీ వారు 2025 ఏప్రిల్‌లో తమ ఆ యేటి ప్లస్ వరుస పెట్టెలు తాము ధ్రువపరచిన డిస్కులనే పూర్తిగా ఒప్పుకొనునని ప్రకటించిరి. ఆ జాబితా చాలవరకు వారి సొంత పేరిటి డిస్కులే. వినియోగదారులు గగ్గోలు పెట్టగా అక్టోబరులో ఆ నిబంధనను సడలించిరి. కావున పెట్టెను కొనకముందే అది ఏ డిస్కులను ఒప్పుకొనునో విచారింపవలెను. డిస్కు కొనునాడు విచారించిన ఆలస్యమగును.

కొన్న డిస్కు క్రొత్తదే అని నమ్ముటకును వీలులేని రోజులు. వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులను, గంటల లెక్క చెరిపి క్రొత్తవిగా అమ్ముచున్నారని 2025 జనవరిలో జర్మనీలో బయటపడినది. సీగేట్ వారు అట్టివి తాము అమ్మలేదనిరి. పైలెక్క చెరిపినను డిస్కు లోపల ఉండు రెండవ లెక్క నిజము చెప్పినది. డిస్కును బిగించిన దినమే, దానికి ఏమియు అప్పగింపకముందే, తిరిగిన గంటలు చూచి, ఒకసారి మొదటినుండి కొనవరకు పరీక్ష నడపుట నేను నేర్చుకొన్న అలవాటు.

మరల మా యింటి సంగతి. ఆ ఆరవనాడు పెట్టెను ఆపివేసి, పాత డిస్కును బయటకు తీసి, ఫ్యాను క్రింద పెట్టి, మిగిలినదేదో చదువుకొంటిని. కొన్ని గంటల తరువాత కంప్యూటరు దానిని గుర్తించుటయే మానినది. అప్పటికి రెండువందల క్యాసెట్లలో 163 దక్కినవి. గుంటూరులో ఉన్న మా అక్క 2019లో వినుటకై పెన్‌డ్రైవులో తీసికొనిపోయిన పాటలలో మరి ఇరువది దొరకినవి. పదునేడు పోయినవి. వాటిలో ఎక్కువ కోడిపోరునాటి రాత్రులవి.

జోడు డిస్కులు రెండు ప్రతులనుకొనుట నా మొదటి పొరపాటు. అవి ఒకే ప్రతికి రెండు కాళ్లు. పొరపాటున ఒక ఫైలు చెరిపినచో రెండింటనుండియు పోవును. పిడుగు పడినచో రెండును పోవును. నేడు మా పెట్టెలో రెండు సిఎంఆర్ డిస్కులున్నవి. రెండును ఒకేసారి ముసలివి కాకుండునట్లు వేర్వేరు నెలలలో కొంటిమి. పెట్టె బయట మూడవ డిస్కు ఒకటి అక్క ఇంట ఉండును. దసరాకు, సంక్రాంతికి వచ్చినపుడు దానిని తెచ్చి, క్రొత్తవి ఎక్కించుకొని పోవును. ఈ మూడవది పెంకుల పద్ధతిదే. ఏటికి రెండుమార్లు తీరికగా వ్రాయుదానికి అది చాలును, ధరయు తక్కువ. తెచ్చినపుడెల్ల ఏదో ఒక ఫైలు తెరచి వినుట మా యింటి ఆచారమైనది. మొన్నటిసారి వచ్చినదానిలో పంబ మ్రోత నడుమ మా నాయనగారి గొంతు, ఎవరినో “కొంచెం పక్కకు జరగండయ్యా, తీగ తొక్కుతున్నారు” అనుచున్నది.